ఏ.టీ.పీ. వెనుక మన సుబ్బారావు గారు

పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేకపోతే అందరి చూపూ ముందు కోడలి మీదే పడుతుంది. మన జార్జి టౌన్ ఇళ్లలో ఈ మాటలు నేను చాలాసార్లు విన్నాను. అందుకే ఈసారి గోడపత్రికకి ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తున్నాను. ఆయనకీ దీనికీ ఏం సంబంధం అంటారా? ఉంది, చదవండి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో, మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. వైద్యం చదివింది మన మింటు వీధి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మద్రాసు మెడికల్ కాలేజీలోనే. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం సర్జరీ ప్రొఫెసరుకి నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతో అమెరికా వెళ్లారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డని తండ్రి చూడనేలేదు. ఆయన మళ్లీ ఈ నేల మీద అడుగు పెట్టలేదు.

హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రి కూలీగా పనిచేశారు. అక్కడే ఫిస్క్ గారితో కలిసి 1929లో కండరంలో ఏ.టీ.పీ. అనే పదార్థాన్ని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ప్రాణమున్న ప్రతి కణానికీ చేతిఖర్చు డబ్బులాంటిది ఇది.

సుబ్బారావు గారు వెతికింది కండరంలోనే. కానీ వీర్యకణం తోక ఆడాలన్నా ఏ.టీ.పీ.నే కావాలి. సంతాన చికిత్సలో వాడే స్విమ్-అప్ పద్ధతి ఈ కదలిక మీదే నడుస్తుంది. వీర్యం మీద పోషక ద్రవం పోసి, శరీరపు వెచ్చదనంలో సుమారు గంటసేపు ఉంచుతారు. చురుకైనవి ఈదుకుంటూ పైకొస్తాయి, వాటినే తీసుకుంటారు. ఇంకో పద్ధతిలో చిక్కదనం తేడా ఉన్న ద్రవాల మీద వీర్యాన్ని పోసి గిర్రున తిప్పి వేరుచేస్తారు. అయితే కదలిక ఒక్కటే చాలదు. లోపలి డి.ఎన్.ఏ. కూడా బాగుండాలి. అందుకే ఎంత ఏరినా గర్భం ఖాయమని ఎవరూ చెప్పలేరు.

1940లో సుబ్బారావు గారు లెడర్లే ప్రయోగశాలలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. బిడ్డ వెన్నుపాములో లోపం రాకుండా గర్భానికి ముందునుంచే ఆడవాళ్లకి ఇచ్చే మాత్ర అదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే కన్నుమూశారు.

నాకు తోచింది ఒక్కటే. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపూ కారణం ఉంటుంది. దాన్ని తెలుసుకునే తొలి పరీక్షకి సూది కూడా గుచ్చరు. అయినా ఏళ్ల తరబడి మందులూ మొక్కులూ ఆడవాళ్లవే అవుతున్నాయి. రేపు మన అక్కనో వదిననో ఎవరైనా మాటంటే, బావగారికో అన్నయ్యకో పరీక్ష అయిందా అని మనం అడగాలి. తెలుగు చదివే అమ్మాయిలం, ఆమాత్రం మాట మనకి రాదా?