మంచుసముద్రమున దీపము

ఉత్తరధ్రువ ప్రాంతమున శీతకాలమందు సూర్యుడు నెలల తరబడి కానరాడు. అట్టి చీకటిలో, మంచున చిక్కిన ఓడమీద విద్యుద్దీపమును వెలిగించిన సాహసి ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

ఇతడు 1861వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన నార్వే దేశమునందు, నేడు ఓస్లో అనబడు నగరము చెంత జన్మించెను. 1888లో ఐదుగురు సహచరులతో గ్రీన్‌లాండు మంచు పీఠభూమిని దాటి కీర్తి గడించెను.

1881లో జెనెట్ అను ఓడ సైబీరియాకు ఉత్తరమున మంచులో నలిగి మునిగిపోయెను. దాని శకలములు మూడేండ్లకు గ్రీన్‌లాండు తీరమున దొరకెను. మంచుతో కూడ అవి సముద్రమును దాటి వచ్చినచో, గట్టి ఓడ మాత్రమేల రాకూడదని నాన్సెన్ తలచెను. అనుభవజ్ఞులు పెక్కుమంది ఇది ఆత్మహత్య వంటిదనిరి. అతడు వెనుదీయలేదు. కాలిన్ ఆర్చర్ అను శిల్పి అతనికొరకు ఫ్రాం అను మూడు స్తంభముల ఓడను నిర్మించెను. మంచు ఇరువైపుల నొక్కినపుడు నలుగక, జారి పైకి లేచునట్లు దాని అడుగు గుండ్రముగా నుండెను.

1893 జూనులో బయలుదేరిన 13 మందిని సెప్టెంబరు నాటికి మంచు బంధించెను. ఇక తెరచాపలకు పని లేదు. కాని గాలికి పని కల్పింపవచ్చును గదా! ఓడపై గాలిమరను నిలిపి, దానిచే డైనమోను త్రిప్పించిరి. అక్టోబరులో వారి భోజనశాల విద్యుత్కాంతితో వెలిగెను. గాలి వీచినపుడు పగటివంటి వెలుగు. వీవనిచో మరల కిరసనాయిలు దీపములే. నెలల చీకటిలో మనసులు క్రుంగకుండుటకు ఆ వెలుగెంత మేలు చేసెనో ఊహింపవచ్చును.

ఓడ ధ్రువమును చేరదని తెలిసి, 1895 మార్చి 14న నాన్సెన్ దానిని స్వెర్‌డ్రుప్‌నకు అప్పగించి, యొహాన్సెన్ అను తోడుతో 28 కుక్కలను గొని నడచిపోయెను. నాయకుడు ఓడను విడుచుట తగదని కొందరు నిందించిరి. ఆ నింద బొత్తిగా నిరాధారమని చెప్పజాలను. వారు 86 డిగ్రీల 14 నిమిషముల వరకు పోయిరి. అంతవరకు మానవుడెవ్వడును అంత ఉత్తరమునకు చేరియుండలేదు. మరలివచ్చునపుడు గడియారములకు కీ ఇచ్చుట మరచిరి. అవి ఆగిపోగా, తామెచ్చట నున్నదియు సరిగా తెలియకపోయెను. బడలిన కుక్కలను ఒక్కొక్కదానినే చంపి తక్కినవానికి ఆహారముగా పెట్టవలసివచ్చెను.

ఆ శీతకాలమును ఫ్రాంజ్ జోసెఫ్ దీవులలో రాతిగుడిసెలో గడపిరి. వాల్రస్ చర్మమే పైకప్పు. విద్యుద్దీపమును చూచిన ఆ కన్నులకు ఇపుడు జర్మన్ సిల్వరు రేకును మడిచి, క్రొవ్వు నింపి, కట్టుగుడ్డను వత్తిగా వేసిన దీపమే దిక్కయ్యెను.

1896 జూనులో జాక్సన్ అను ఆంగ్లేయుడు వారికి తారసపడెను. ఆగస్టులో వారు నార్వే చేరిరి. కొలది దినములకే ఫ్రాం కూడ, నాన్సెన్ ఊహించినట్లే సముద్రమును దాటి, ఒక్క ప్రాణమైన పోకుండ మరలివచ్చెను.

పిమ్మట 1921లో నానాజాతి సమితి అతనిని కాందిశీకుల రక్షణకు నియమించెను. దేశము లేనివారికి అతడు ఏర్పరచిన ప్రయాణపత్రమునకు అతని పేరే నిలిచెను. 1922లో నోబెల్ శాంతి బహుమానమును పొంది, 1930 మే 13న మరణించెను. ఫ్రాం నేడును ఓస్లో నగరపు ప్రదర్శనశాలలో నున్నది. చూడవచ్చినవారు దాని గదులలోనికి దిగి నడువవచ్చును.