కాంతి రేఖల అన్వేషి – ఆచార్య కొచ్చర్లకోట రంగధామరావు

పట్టకం గుండా సూర్యకిరణాన్ని పంపి, గోడపై ఏడు రంగుల పట్టీని తొలిసారి చూసిన రోజును మన పూర్వ విద్యార్థులెవరూ మరచి ఉండరు. ఆ పట్టీనే వర్ణపటమంటాము. వర్ణపట పరిశోధనకే జీవితాన్ని అంకితం చేసి, తెలుగునాట ఆ శాస్త్రానికి పునాదులు వేసిన మహనీయులలో అగ్రగణ్యులు ఆచార్య కొచ్చర్లకోట రంగధామరావు గారు.

వీరు 1898 సెప్టెంబరు 9న నాటి గంజాం జిల్లాలోని బరంపురంలో జన్మించారు. విజయనగరం మహారాజా కళాశాలలో ఆచార్య ఎ. ఎల్. నారాయణ్ గారి సాన్నిధ్యంలో పరిశోధనకు శ్రీకారం చుట్టారు. మహానగరాలకు దూరంగా ఉన్న ఆ కళాశాల నుండి గురుశిష్యులిద్దరూ జెర్మేనియం వర్ణపటంపై రచించిన పత్రాన్ని 1928లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది. తదుపరి లండన్ ఇంపీరియల్ కళాశాలలో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పరిశోధన సాగించి, స్వదేశానికి తిరిగివచ్చి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు.

వారు చేసిన పని ఎంత కఠినమైనదో ఎమ్మిగనూరు వాసులకు సులభంగా బోధపడుతుంది. వేల పోగుల పడుగులో ఏ పోగు ఎక్కడిదో గుర్తించడం వంటిదే అది. విద్యుత్తు ప్రయోగించినప్పుడు పరమాణువు ఒక ఎలక్ట్రానును, రెండింటిని, మూడింటిని కోల్పోవచ్చు. ఒక్కొక్క దశ తనవైన కాంతి రేఖలను వెలువరిస్తుంది. అవన్నీ ఒకే ఛాయాచిత్ర ఫలకంపై కలగాపులగంగా పడతాయి. విద్యుత్ తీవ్రతను మార్చుతూ, ఏ రేఖ బలపడుతున్నదో, ఏది క్షీణిస్తున్నదో గమనించి, తరంగదైర్ఘ్యాలను కొలిచి, వాటిని వేరుచేయాలి. ఆర్సెనిక్, సెలీనియం వంటి మూలకాలపై వీరు ఈ విధమైన కృషి చేశారు.

1942 ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడగా, విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలిపోవలసి వచ్చింది. పరిశోధనకు గడ్డుకాలమైన ఆ దశను దాటి వాల్తేరు భౌతికశాస్త్ర ప్రయోగశాలలు మళ్ళీ వికసించాయి. 1950లో జర్మనీలో వెలుగుచూసిన న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్ అనే నూతన విద్యను మన దేశంలో తొలుత చేపట్టినవారిలో వీరొకరు. స్ఫటికంలోని కేంద్రకాలు రేడియో తరంగాలకు ఎలా స్పందిస్తాయో తెలిపే శాస్త్రమది.

రేడియో తరంగాలతో వాయువును వెలిగించే పద్ధతి కూడా వాల్తేరు శిష్యబృందానికి పరిచితమే. గాజునాళం వెలుపల తీగచుట్టను అమర్చి అధిక పౌనఃపున్య విద్యుత్తును పంపితే, లోపలి ఎలక్ట్రానులు ముందుకు వెనుకకు ఊగుతూ వాయువును ఢీకొని ప్లాస్మాగా మారుస్తాయి. లోపల లోహపు పలకలుండవు కనుక లోహపు రేఖలు వర్ణపటంలో కలియవు. నేడు కంప్యూటర్ చిప్పులను చెక్కేది ఇటువంటి ప్లాస్మాయే. అందుకు పరిశ్రమలలో విరివిగా వాడే పౌనఃపున్యం 13.56 మెగాహెర్ట్జ్.

ఈ ప్లాస్మాను నీటివంటి ప్రవాహిగా భావించి, దాని సాంద్రతను, వేగాన్ని, శక్తిని కంప్యూటర్లపై గణించే నమూనాలను శాస్త్రజ్ఞులు మెరుగుపరుస్తున్నారు. వాయుపీడనం బాగా తగ్గినప్పుడు ఎలక్ట్రానులు అభిఘాతాలు లేకుండా చాలా దూరం పోతాయి. అప్పుడు ప్రవాహి అన్న భావన చెల్లదు, లెక్క తప్పుతుంది. తప్పిందని తెలిపేది కొలత. ప్లాస్మా వెలువరించే రేఖల తీవ్రతను గణనతో పోల్చి నమూనాను సరిదిద్దుతారు. ఏ రేఖ ఏ దశకు చెందినదో ముందుగా తెలియకపోతే ఆ పోలికకు ఆధారమే ఉండదు. రంగధామరావు గారి తరం చేసిన కృషి విలువ ఇదే.

1972లో వీరు పరమపదించారు. అయితే వారి జీవితం మన ముందు రెండు పాఠాలను ఉంచింది. చిన్న ఊరి పిల్లలకు పరిశోధన అందదని నిరుత్సాహపడే తల్లిదండ్రులు విజయనగరాన్ని తలచుకోవాలి. ఇక రెండవది మా ఉపాధ్యాయులకు సంబంధించినది. పుస్తకంలోని జవాబుకు సరిపోయేటట్లు ప్రయోగ రికార్డులో కొలతలను దిద్దే అలవాటు అనేక పాఠశాలల్లో పాతుకుపోయింది. దానిని చూసీ చూడనట్లు వదిలిన సందర్భాలు నాకూ ఉన్నాయి. తప్పైనా సరే, తాను చూసిన కొలతనే వ్రాసే విద్యార్థిని మెచ్చుకొనే పాఠశాలగా మనది నిలవాలి. ఈ ప్లాటినం జూబిలీ శుభవేళ ఆ మహనీయునికి మనం సమర్పించగల నివాళి అదే.