ప్రజాధనమునకు ఫలమెప్పుడు?

ఉప్పలు, నాచారము పారిశ్రామికవాడలను చూచువారు అవి యజమానుల మూలధనమువలననే వెలసినవని తలంతురు. ఆ స్థలములను ఏర్పరచి, బాటలు వేసి, విద్యుత్తు నందించినది ప్రభుత్వమే. అంతకు ఎన్నియో యేండ్ల మునుపే నగరమునకు వరదభయమును తగ్గించి, త్రాగునీటిని సమకూర్చినదియు ప్రజాధనమే. ఆ వ్యయమునకు మార్గము చూపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ఇచ్చట స్మరించుట ఉచితమని మేము తలంచుచున్నాము.

పూర్వులు ఆంధ్రదేశమువారైన ఈ మహనీయుడు 1861లో మైసూరు సీమయందలి ముద్దెనహళ్ళిలో జన్మించెను. బాల్యముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు చదువు చెప్పుకొనుచు బెంగుళూరులో పట్టము నందెను. పూనాలో ఇంజనీరింగు ముగించి, బొంబాయి ప్రభుత్వకొలువున పేరు గాంచెను.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలది జనులు మడిసిరి. మరుసటి సంవత్సరమున నిజాం ప్రభుత్వము ఆయనను రప్పించెను. నదికి ఒడ్డున గోడలు కట్టినంత మాత్రమున చాలదనియు, ఎగువననే వరదను నిలుపవలెననియు ఆయన నిర్ణయించెను. ఆ యోచననుండియే 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరు పూర్తియైనవి. దిగువనున్న ఉప్పలునకు పరిశ్రమలు వచ్చుట అటుపిమ్మటి మాట. ఆ లాభము నాటి ఏ ఖాతాపుస్తకమునను కానరాదు.

1912 మొదలు 1918 వరకు మైసూరు దివానుగా ఆయన విద్యకును, పరిశ్రమలకును పాటుపడెను. కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణమును సాగించెను. భద్రావతి ఇనుపకర్మాగారము తొలుత నష్టములలో చిక్కగా, తానే నిర్వహణభారము వహించి చక్కదిద్దెను. వ్యయము చేయుటయే గాక, దానిని ఫలింపజేయుటయు ప్రభుత్వధర్మమేయని ఈ చరిత్ర చాటుచున్నది. 1934లో భారతదేశమునకు ప్రణాళికాబద్ధ ఆర్థికవిధానమును ప్రతిపాదించుచు గ్రంథము వెలువరించెను. 1955లో భారతరత్న బిరుదు నంది, 1962లో కీర్తిశేషుడయ్యెను.

2020 అక్టోబరు వర్షములకు ఉప్పలు, రామాంతాపూరు కాలనీలు నీట మునిగినవి. చెరువుల అలుగులను, నాలాలను ఆక్రమణలకు విడిచినచో ఎగువ జలాశయము లొక్కటే రక్షింపజాలవు. కట్టినదానిని కాపాడుటకు వెచ్చించు ధనమును దుబారాగా నెంచువారు, తాతలు పెట్టిన మూలధనమును కరగించుకొనుచున్నారు. పన్ను చెల్లించు ప్రతి గృహస్థుడును క్రొత్త నిర్మాణమునకు ఎంత వ్యయమైనదని అడుగుటతో ఆగక, పాతదాని మరమ్మతునకు ఎంత కేటాయించిరని కూడ ప్రశ్నింపవలెను.