రోనాల్డ్ రాస్

సర్ రోనాల్డ్ రాస్ (1857 మే 13 - 1932 సెప్టెంబర్ 16) మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందని నిరూపించిన బ్రిటిషు వైద్యుడు. ఇందులో కీలకమైన పరిశోధన సికింద్రాబాదులో జరిగింది.

తొలి జీవితం

రాస్ అల్మోరాలో జన్మించాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్‌ను కలుసుకొని, ఆయన ప్రోత్సాహంతో 1895లో సికింద్రాబాదులో పరిశోధన ప్రారంభించాడు.

సికింద్రాబాదు రోగి

రెండేళ్ళపాటు రాస్ వందలాది దోమలను కోసి పరీక్షించినా, అవి మానవ మలేరియాను మోసే జాతులు కాకపోవడంతో ఫలితం దక్కలేదు. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న అనాఫిలిస్ దోమలు లభించాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగికి, కుట్టిన దోమకు అణా చొప్పున చెల్లించి, వాటిచేత కుట్టించాడు. ఆగస్టు 20న అలాంటి ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులున్న మలేరియా పరాన్నజీవులను గుర్తించాడు.

పక్షుల మలేరియా

1898లో రాస్ కలకత్తాకు బదిలీ అయ్యాడు. అక్కడ ప్లేగు టీకాల భయంతో ప్రజలు పరీక్షలకు ముందుకు రాలేదు. అందువలన పక్షులకు వచ్చే మలేరియాను ఎంచుకున్నాడు. మానవ మలేరియాలో విఫలమైన క్యూలెక్స్ దోమలే ఇక్కడ వాహకాలని తేలింది. జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరడాన్ని కనుగొని, దోమకాటుతో ఆరోగ్యవంతమైన పక్షులకు వ్యాధి సోకుతుందని నిరూపించాడు. మనుషులలో ఇదే విషయాన్ని అదే సంవత్సరం ఇటలీ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

గుర్తింపు

రాస్‌కు 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తారు. ఆయన పరిశోధన చేసిన భవనం హైదరాబాదులోని బేగంపేటలో ఉంది.