హాస్కెల్ కర్రీ

హాస్కెల్ అనే కంప్యూటరు భాషను అభ్యసించే విద్యార్థులలో పలువురికి అది ఒక తర్కశాస్త్రజ్ఞుని నామధేయమని తెలియదు. హాస్కెల్ బ్రూక్స్ కర్రీ 1900 సెప్టెంబరు 12న అమెరికాలోని మిల్లిస్ గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు బోస్టన్‌లో వక్తృత్వ పాఠశాల నడిపేవారు. మాటలే వృత్తిగా గల ఇంట పుట్టిన వ్యక్తి, మాటలతో పనిలేని సంకేతాలతో జీవితం గడపడం వింతయే.

వైద్యం చదువదలచి 1916లో హార్వర్డులో చేరిన కర్రీ 1920 నాటికి గణిత పట్టభద్రులయ్యారు. పిదప విద్యుత్ ఇంజనీరింగు, భౌతికశాస్త్రం చవిచూచి మరల గణితానికే వచ్చారు. నిలకడ లేదని విద్యార్థులను నిందించే పెద్దలు ఈ సంగతిని గమనించాలి.

ప్రిన్స్‌టన్‌లో బోధిస్తున్న రోజులలో, షోన్‌ఫింకెల్ 1924లో ప్రచురించిన వ్యాసం ఆయన కంటబడింది. చరరాశులు లేకుండానే తర్కాన్ని నిర్మించవచ్చునన్నది అందలి సారాంశం. ఆ మార్గాననే కృషిచేసి 1930లో గొట్టింగెన్‌లో హిల్బర్ట్ వద్ద డాక్టరేటు పొందారు. అప్పటికే పెన్సిల్వేనియాలో ఉద్యోగం లభించింది.

1935లో పిడుగు పడింది. క్లీనీ, రోసర్ అనే ఇరువురు యువకులు ఆయన నిర్మించిన వ్యవస్థలో పరస్పర వైరుధ్యం ఉన్నదని నిరూపించారు. వేరొకరైతే ఆ విషయాన్నే విడిచిపెట్టేవారేమో! కర్రీ ఆ దోషాన్నే పరిశోధనాంశంగా స్వీకరించి, దాని మూలాన్ని వెదకి, 1942లో అతి సరళమైన రూపంలో చూపారు. నేడది కర్రీ విరోధాభాసగా ప్రసిద్ధం.

యుద్ధానంతరం ఎనియాక్ యంత్రంపై పనిచేసి, చిన్న ప్రోగ్రాములను కూర్చి పెద్దవి నిర్మించే పద్ధతిపై నివేదికలు వ్రాశారు. నేటి విద్యార్థికి ఈ భావమే అక్కరకు వస్తుంది. జాబితాలోని ప్రతి సంఖ్యకు అయిదు కలపమంటే, కొత్తగా నేర్చినవాడు మొదటి సంఖ్యను విడదీసి, మిగిలిన వాటికై ప్రమేయాన్ని మరల పిలుస్తూ పలు పంక్తులు వ్రాస్తాడు. కూడిక రెండు సంఖ్యలను కోరే ప్రమేయం. దానికి అయిదు మాత్రమే ఇస్తే, రెండవదానికై ఎదురుచూచే కొత్త ప్రమేయం లభిస్తుంది. దానిని 'మ్యాప్' చేతికిస్తే ఒక్క పంక్తితో పని ముగుస్తుంది. అయితే ఈ రుచి మరిగి చరరాశులన్నిటినీ తొలగిస్తే, వ్రాసినవాడికే తన ప్రోగ్రాము బోధపడదు. తర్కానికి శోభించినది ప్రతి ప్రోగ్రాముకూ శోభించదు.

ఒక్కొక్కటిగా విలువలనందించే ఈ విధానాన్ని లోకం 'కర్రీయింగ్' అన్నది. కర్రీ మాత్రం ఆ ఘనత షోన్‌ఫింకెల్‌దేననేవారు. 1966లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆచార్యులై, 1970లో స్వదేశం చేరి, 1982 సెప్టెంబరు 1న కన్నుమూశారు. ఆయన పేరిట వెలసిన భాష తొలి నిర్వచనం 1990లో వెలువడింది.