కాళ్ళకూరి నారాయణరావు

మాసూళ్ళు ముగిసి, ధాన్యమమ్మిన సొమ్ము చేతికి వచ్చు దినములలో గోదావరీ మండలపు పల్లెలకు నాటక సమాజములు వచ్చెడివి. ఆ సొమ్ముకొఱకే కల్లు పాకలును, సారా దుకాణములును కాచుకొని యుండెడివి. పగలు దుకాణము ముంగిట తూలినవాడే రాత్రి పందిరిలో అందఱితోపాటు చాపపై కూర్చుండి, తెల్లవాఱువఱకు నాటకము చూచెడివాడు. పెద్దలు మందలించినను వినని అట్టివానికి రంగస్థలము మీదినుండి బుద్ధి గఱపవచ్చునని తలచిన నాటకకర్త కాళ్ళకూరి నారాయణరావుగారు.

నారాయణరావుగారు 1871వ సంవత్సరమున, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మత్స్యపురి గ్రామమున జన్మించిరి. పిదప కాకినాడ వారికి నివాసమయ్యెను. కందుకూరి వీరేశలింగంపంతులుగారి సంస్కరణోద్యమము ఆ ప్రాంతమును కదలించిన కాలమది. పౌరాణికమగు పద్మవ్యూహమును వ్రాసిన నారాయణరావుగారు సంఘమువైపు కూడ తమ కలమును త్రిప్పిరి. కట్నపు దురాచారముపై వరవిక్రయమును, భోగలాలసతపై చింతామణిని, త్రాగుడుపై మధుసేవను రచించిరి.

చింతామణిలోని బిల్వమంగళుడు చదువుకొన్నవాడు, కలిగినవాడు. ఇంట ఇల్లాలు రాధ యుండగా చింతామణియను వేశ్యకు దాసుడగును. ఇది పూర్వపు లీలాశుకుని కథ. వానరాత్రి శవమును దుంగ యనుకొని పట్టుకొని యేఱు దాటి, పామును త్రాడనుకొని గోడ యెక్కిన మనుష్యుడతడు! వ్యసనము కన్నులనెట్లు కప్పునో తెలుపుటకు వేఱు ఉపన్యాస మక్కఱలేదు. అయినను రచయిత యతనిని పతనమునందే విడిచిపెట్టలేదు. మరల నిలువబడుటకు త్రోవ చూపెను. చింతామణియు మాఱును. మందలించువాని యెదుట తప్పు చేసినవాడు తల త్రిప్పుకొనును. రంగముపై ఇంకొకని పాటును చూచునపుడో, కన్నార్పడు. ఆ చూచుటలోనే తన్ను తాను గుర్తించును.

1921లో సహాయ నిరాకరణోద్యమ కాలమున కల్లు దుకాణముల యెదుట పికెటింగు జరిగెను. కాని దుకాణముల వేలము పాటలవలన దొరతనమువారికి వచ్చు రాబడి మిక్కుటము. దుకాణము మూసినను త్రాగువాని మనస్సులోని కోరిక మూతపడదు గదా! ఆ మనస్సును త్రిప్పబూనిన నాటకము మధుసేవ. మద్రాసు రాజధానిలో 1937లో సేలము జిల్లాతో మద్యనిషేధ మారంభమయ్యెను. అది చూచుటకు నారాయణరావుగారు లేరు. వారు 1927లోనే దివంగతులైరి.

వారి యనంతరము వరవిక్రయము 1939లో చలనచిత్రమయ్యెను. చింతామణి ఊరూర ఆడెను. స్థానం నరసింహారావుగారు స్త్రీవేషము ధరించి చింతామణి పాత్రకు వన్నె తెచ్చిరి. పద్యపద్యమునకు జనులు వన్స్‌మోరులు కొట్టెడివారు. మధుసేవకు మాత్రము అంతటి యోగము పట్టలేదు.

చింతామణికిని ఒక కీడు మూడెను. ఆస్తినంతయు పోగొట్టుకొను సుబ్బిశెట్టి పాత్ర ఆ నాటకమున కలదు. వ్యసనము కొంపనెట్లు కూల్చునో చూపుటకే రచయిత దానిని కల్పించెను. కాలక్రమమున కొన్ని సమాజములవారు నవ్వులకొఱకు ఆ పాత్రకు తమ మాటలు చేర్చి అసభ్యతకు దించిరి. పెక్కుచోట్ల ఆ ఘట్టమునే విడిగా ఆడుట వాడుకయయ్యెను. ఆర్యవైశ్యులు నొచ్చుకొని ఆక్షేపింపగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనమును నిషేధించెను. సుబ్బిశెట్టిని మాత్రమే చూచి నవ్వుకొనుచు ఇండ్లకేగిన వారికి, బిల్వమంగళుడు తేఱుకొను చివరి భాగము తెలియకయే పోయెను.