గేమింగ్ వీల్‌కీ కూలుంబ్‌కీ ఏంటి సంబంధం?

హిమాయత్‌నగర్, మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల కాలేజీల్లో చదువుతున్నారా? అయితే ఆ మర్రిచెట్ల రోడ్డు మీద బైక్ నడిపే ఉంటారు. తారు ఎక్కడ లేచిందో, గుంత ఎక్కడుందో కళ్లకన్నా ముందు హ్యాండిలే చెబుతుంది. రేసింగ్ సిమ్యులేటర్ స్టీరింగ్ చేయాల్సిన పని కూడా అదే. రోడ్డు సంగతి చేతికి చెప్పాలి. దాన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటాం.

కానీ చాలా వీల్స్ చిన్న విషయాలను చెప్పవు. గేమ్ లెక్క సరిగ్గానే వేస్తుంది. మోటారు కూడా బలం ఇస్తుంది. మధ్యలో ఉన్న గేర్లు, బెల్టు, బేరింగులే ఆ చిన్న బలాన్ని మింగేస్తాయి. ఆ మింగేసేదాన్ని ఇంజినీర్లు ఇప్పటికీ కూలుంబ్ ఫ్రిక్షన్ అనే పిలుస్తారు. ఇంటర్ ఫిజిక్స్‌లో రెండు ఆవేశాల మధ్య బలం గురించి చదివారే, ఆ కూలుంబే. ఆయన జీవితం తెలిస్తే మీ వీల్‌ను ఎలా బాగుచేసుకోవాలో కూడా తెలుస్తుంది.

మట్టితో మొదలు

చార్లెస్ అగస్టిన్ కూలుంబ్ 1736లో ఫ్రాన్స్‌లోని అంగులేమ్‌లో పుట్టారు. మెజియేర్‌లోని మిలిటరీ ఇంజినీరింగ్ స్కూల్లో 1761లో చదువు పూర్తి చేశారు. తర్వాత కరీబియన్ దీవి మార్టినిక్‌లో కోట కట్టే పని అప్పగించారు. 1764 నుంచి 1772 దాకా అక్కడే ఉన్నారు. వేడి, జ్వరాలు, మట్టి పని. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

అయితే ఆ ఏళ్లు వృథా పోలేదు. గోడ వెనకున్న మట్టి ఎంత బలంతో తోస్తుంది, ఎప్పుడు జారుతుంది అన్నది అక్కడే బుర్రకెక్కింది. తిరిగొచ్చాక 1773లో పారిస్ సైన్స్ అకాడమీకి దీనిపై పత్రం సమర్పించారు. సివిల్ వాళ్లు ఇప్పటికీ చదివే ఎర్త్ ప్రెషర్ సిద్ధాంతం అక్కడిదే.

తాళ్లు, చెక్కలు, బరువులు

1779లో రోష్‌ఫోర్ ఓడరేవుకు పంపారు. అక్కడి షిప్‌యార్డే ఆయనకు ల్యాబ్ అయింది. చెక్క మీద చెక్క, లోహం మీద చెక్క జరిపి చూశారు. బరువులు మార్చారు, వేగం మార్చారు, తాళ్లు ఎంత బిగుసుగా ఉంటాయో కొలిచారు. 1781లో ఆ పనికి అకాడమీ బహుమతి వచ్చింది, సభ్యత్వమూ దక్కింది.

తేలిందేంటంటే, ఘర్షణ మీద పడే బరువును బట్టి పెరుగుతుంది. జారేటప్పుడు వేగంతో పెద్దగా మారదు. ఇంకోటి, రెండు వస్తువులు ఎంతసేపు కదలకుండా ఆని ఉంటే, కదిలించడానికి అంత ఎక్కువ బలం కావాలి. అదే స్థైతిక ఘర్షణ. మీ వీల్ మధ్యలో మొండికేయడానికి కారణం ఇదే.

ఒక తీగ, ఒక కోణం

సున్నితమైన బలాన్ని కొలవాలంటే ఘర్షణ ఉన్న పరికరం పనికిరాదని ఆయనకు బాగా తెలుసు. అందుకే బేరింగు జోలికి పోకుండా సన్నటి తీగకు వేలాడదీశారు. తీగ ఎంత కోణం మెలిపడితే అంత టార్క్. 1784లో ఆ సూత్రం తేల్చి, 1785లో అదే తీగతో ఆవేశాల మధ్య బలాన్ని కొలిచారు. చూశారా, ముందు పరికరంలోని లోపాన్ని అర్థం చేసుకున్నారు, తర్వాతే ప్రకృతిని కొలిచారు.

ఈ మధ్యలోనే ఒక చిక్కు. బ్రిటనీ ప్రాంతంలో కాలువల ప్రాజెక్టును పరిశీలించమంటే, అది లాభం లేని పని అని ఉన్నదున్నట్టు రాసేశారు. పైవాళ్లకు నచ్చలేదు. 1783లో వారం పాటు జైల్లో పెట్టారు. తర్వాత ఆయన మాటే నిజమని తేలింది.

మీ వీల్ మీద ఇలా చేయండి

వీల్ మీంచి చేతులు తీసేయండి. మోటారుకు సున్నా నుంచి చిన్న చిన్న మెట్లలో టార్క్ పెంచుతూ వెళ్లండి. ఎక్కడ కదిలిందో రాసుకోండి. కుడికి, ఎడమకు విడివిడిగా, ప్రతిసారీ ఒకే విరామం ఇచ్చి పదిసార్లు చేయండి. విరామం ఎందుకో కూలుంబ్ ముందే చెప్పేశారు కదా.

ఘర్షణ 0.3 న్యూటన్ మీటర్లు వచ్చిందనుకుందాం. గేమ్ 0.2 పంపితే చేతికి వచ్చేది సున్నా. 1 పంపితే 0.7. చాలామంది ఇక్కడ గెయిన్ రెండింతలు చేసేస్తారు. అప్పుడు 0.2 కాస్తా 0.4 అయి, చేతికి 0.1 వస్తుంది. బాగానే ఉంది. కానీ వీల్ గరిష్ఠంగా 2 మాత్రమే ఇవ్వగలిగితే? 1.2 బలం ఉన్న మలుపు, 1.8 బలం ఉన్న మలుపు రెండూ 2 దగ్గరే ఆగిపోతాయి. రెంటికీ తేడా చేతికి తెలియదు. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

హెచ్చవేయడం కాదు, కలపడం చేయండి. గేమ్ పంపిన బలానికి అదే దిశలో 0.3 జోడించండి. చాలా గేముల్లో మినిమమ్ ఫోర్స్ అనే సెట్టింగ్ చేసే పని దాదాపు ఇదే. మరీ ఎక్కువ కలిపితే వీల్ మధ్యలో దానంతటదే అటూ ఇటూ ఊగుతుంది. కొలిచిన దానికన్నా కాస్త తక్కువతో మొదలుపెట్టండి.

ఉద్యోగానికి ఇదెందుకు?

కార్లలో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, సర్జరీ రోబోలు, డ్రైవింగ్ సిమ్యులేటర్లు.. అన్నిచోట్లా ఇదే సమస్య. ఫ్రిక్షన్ కాంపెన్సేషన్ అన్న మాట రెజ్యూమెలో ఊరికే రాస్తే ఎవరూ నమ్మరు. గేమ్ పంపిన బలం, చేతికి అందిన బలం.. సరిచేయక ముందు ఒక గ్రాఫ్, సరిచేశాక ఒక గ్రాఫ్ పెట్టండి. ఎక్కడ ఇంకా తేడా ఉందో కూడా దాచకుండా చూపించండి. మాట్లాడాల్సింది అక్కడి నుంచే మొదలవుతుంది.

కూలుంబ్ 1806లో పారిస్‌లో కన్నుమూశారు. 1881లో ఆవేశానికి ఆయన పేరే ప్రమాణంగా పెట్టారు. ఆవేశాల పని మొదలుపెట్టేసరికి ఆయనకు యాభై దగ్గరపడింది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా మట్టి, తాళ్లు, చెక్కలే. ఇప్పుడు మీరు చేస్తున్న చిన్న ప్రాజెక్టును తక్కువగా చూడకండి. కొలతలు మాత్రం నిజాయతీగా రాసుకోండి.